ఎర్రర్‌ను దాచనివ్వని రూత్ అక్క

నిన్న ఆఫీసుకు వెళ్తుంటే మెట్రోలో ఫోన్ వచ్చింది.

రూత్ అక్క ఇక లేదట.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో దిగిపోయాను. ఎందుకు దిగానో తెలియదు. ప్లాట్‌ఫామ్ మీద అలాగే నిలబడిపోయాను.

మొన్న ఆదివారం కూడా క్లాస్ చెప్పింది కదా.

తెలియనివాళ్ళకు చెప్తున్నాను. రూత్ అక్క మా జావా టీచర్. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో చెప్పేది. నల్లగొండ పల్లె నుంచి తెలుగు మీడియం డిగ్రీతో వచ్చి నేను ఆమె బ్యాచ్‌లో చేరాను.

నా మొదటి ప్రాజెక్ట్ హాస్టల్ రూములు ఇచ్చే చిన్న ప్రోగ్రామ్. రన్ చేస్తే చాలు, నల్ పాయింటర్ ఎర్రర్. అంటే అక్కడ ఆబ్జెక్టే లేదు, నేనేమో దాన్ని పని చేయమంటున్నాను.

కంపెనీ వాళ్ళు ఉద్యోగాలకు మమ్మల్ని చూడ్డానికి వచ్చే రోజు పొద్దున కూడా అదే ఎర్రర్. సెంటర్ నడిపే సార్ వచ్చి, ట్రై-క్యాచ్ పెట్టి అది కనబడకుండా చేసేయమని అక్కతో అన్నారు. లేదా నన్ను డేటా ఎంట్రీ బ్యాచ్‌కు మార్చేయమన్నారు. తెలుగు మీడియం వాళ్ళకు జావా ఎక్కదని అందరి ముందే అన్నారు.

అక్క లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"దాచేది లేదు సార్. తప్పు కోడ్‌ల ఉన్నది, పిల్ల మీడియంల లేదు. ఆమెనే సరిజేస్తది."

నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కీబోర్డ్ మాత్రం ముట్టలేదు.

ఎర్రర్ ఏ లైన్‌లో వచ్చిందో చదవమంది. ఆ లైన్‌లో చుక్కకు ముందు ఏముందో చెప్పమంది. రూమ్ అన్నాను.

"మరి గా రూమ్‌ను ఎవరు నింపాలె? ఆడికి పో."

హాస్టల్ ఆబ్జెక్ట్ తయారయ్యే చోటుకు, అంటే కన్‌స్ట్రక్టర్‌కు వెళ్ళాను. అక్కడ రూమ్ అన్న పేరుకు ముందు మళ్ళీ దాని రకం పేరు, అంటే క్లాస్ పేరు రాసి ఉంది. దాంతో అదే పేరుతో వేరే వేరియబుల్, అంటే ఇంకో డబ్బా లాంటిది పుట్టి, కొత్త రూమ్ దాంట్లోకి పోయింది. హాస్టల్‌కున్న అసలు రూమ్ ఖాళీగానే మిగిలింది.

ఆ ఒక్క మాట చెరిపేశాను.

రన్ అయింది.

కంపెనీ వాళ్ళు నన్ను తీసుకోలేదు, అది వేరే సంగతి. కానీ వాళ్ళడిగిన ప్రతి లైన్‌కూ జవాబు చెప్పాను. అదే ధైర్యంతో తర్వాత ఇంకో చోట ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఎదురు మాట్లాడిందని సార్ అక్కను తీసేశారు. అక్క ఎల్బీ నగర్‌లో తన కిరాయి ఇంటి ముందు గదిలో క్లాసులు పెట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మొదలుపెట్టేది. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైనా ఆపలేదు. మానెయ్యమని చెప్పని చుట్టం లేదు.

"పండుకుంటే పాణం బాగైతదా? చెప్తుంటెనే జర బతికినట్టుంటది," అనేది.

అందుకే, దయచేసి కామెంట్లలో 'పాపం' అని రాయకండి. పాఠాలు చెప్పి చెప్పి ఆరోగ్యం పాడు చేసుకుందని అసలే రాయకండి. ఆమెను తీసుకుపోయింది జబ్బు. పాఠాలు కాదు.

మాకు జావా ఎక్కదన్న మాటను ఆమె ఒప్పుకోలేదు. మేమూ ఒప్పుకోం.

ఈ ఆదివారం క్లాస్ ఉంది. అక్క వాళ్ళమ్మ మరియమ్మ గారు ఆ గది తెరిచే ఉంచుతామన్నారు. నేను చెప్తాను. ఎవరైనా రావచ్చు.

వెళ్ళిరా అక్కా. ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.