కొట్టంలో మాట రాసినాయన

మా కథల బాబాయి పోయిన కబురు నాకు ఫ్లెక్సీ చెప్పింది. గురజాల బస్సు దిగేసరికి సెంటర్లో కట్టి ఉంది. పోయినాయన ఫొటో తమలపాకంత, సంతాపం తెలిపిన మాజీ ప్రెసిడెంటు ఫొటో తలుపంత. ఒక్క క్షణం పోయింది ప్రెసిడెంటేమో అనుకున్నాను. ఊరికి అంత భాగ్యమెక్కడిది.

బాబాయి మా పక్కింటాయన. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. గొడ్లకు సూది వేయడానికి ఇంటింటి కొట్టాల్లోకీ వెళ్లేవాడు, అక్కడ చూసిందీ విన్నదీ కథలుగా రాసేవాడు. మనిషి వసారాలో ఒక మాట, కొట్టంలో ఒక మాట మాట్లాడతాడనీ, తాను కొట్టంలో మాటే రాస్తాననీ అనేవాడు. ఆ కథల్లో పేడ వాసన వస్తుందని నరసరావుపేట సాహితీపరులు ముక్కు మూసుకున్నారు. వాళ్ల కథల్లో అగరొత్తుల వాసన. ఏ శవం దగ్గర వెలిగించారో వాళ్లకే తెలియాలి.

ఆయనకొక పద్ధతి ఉండేది. కథను పత్రికకు పంపే ముందు, అది ఎవరి గురించి రాశాడో వాళ్లింటికే వెళ్లి చదివి వినిపించేవాడు. వాళ్లు తిట్టేవాళ్లు. ఓపిగ్గా వినేవాడు. "అబద్ధమైతే చెప్పు, కొట్టేస్తా. నిజమైతే తిట్టుకో," అనేవాడు. అన్నట్టే కొట్టేసేవాడు కూడా. మా నాన్న మీద రాసిన కథలో ఒక పేరా అలాగే పోయింది, మిగతాది అచ్చయింది. నాన్న ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు గానీ ఆ పత్రికను బీరువాలో దాచుకున్నాడు.

ప్రెసిడెంటు మీద రాసింది కాలువ కథ. ఆయన కాలువకు అడ్డం వేయించి నీళ్లన్నీ తన మిరపకు మళ్లించుకుంటే, చివరి పొలాల్లో చుక్క రాక, ఒక కౌలురైతు కాపు మీదున్న తోటను గొర్రెలకు వదిలేశాడు. ఉన్నదున్నట్టు రాశాడు. అడ్డం వేసినవి ఇసుక బస్తాలని మాత్రం పొరపాటు పడ్డాడు. చదువుతుంటే ప్రెసిడెంటు మంచం మీంచి లేచాడట.

"బస్తాలేంది నీ మొహం, ఆ నీళ్లకు బస్తాలాగుతయ్యా? బండ వేయించా, బండ."

బాబాయి వినయంగా దిద్దుకుని వచ్చాడు. అంత తెలివిగలవాణ్ని మేం మళ్లీ మళ్లీ గెలిపించుకున్నాం.

పెద్దకర్మ నాడు ఆ ప్రెసిడెంటే వచ్చాడు, వెంట ఇద్దరు సాహితీపరులు. ముక్కులు ఇప్పుడు తెరిచే ఉన్నాయి. బాబాయి కథలన్నీ పుస్తకంగా తానే వేయిస్తానని పందిట్లో అందరి ముందూ ప్రకటించాడు. తర్వాత గొంతు తగ్గించి పిన్నితో, కాలువ కథ ఒక్కటీ తీసేద్దామన్నాడు.

"పోయేముందు బావే నాతో చెప్పాడు చెల్లెమ్మా, అది వద్దని."

పక్షవాతం వచ్చి బాబాయి చివరి రోజుల్లో నోట మాట లేకుండా పడి ఉన్నాడు. ఊరందరికీ తెలుసు. సాహితీపరులు మాత్రం తలలూపారు. గంగిరెద్దులు నయం, అవి డోలు వింటే గానీ ఊపవు.

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఆ పుస్తకం కోసం పిన్ని ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఏ ప్రచురణకర్తా తలుపు తీయలేదు. ఇప్పుడు కాదంటే ఆ కథలు పాత పత్రికల్లోనే చెదలు పట్టిపోతాయి. సరేనంటే, బాబాయి చచ్చాక అబద్ధమాడినట్టవుతుంది.

పిన్ని లోపలికి వెళ్లింది. కథ పడిన పత్రికా, ఒక పెన్నూ తెచ్చి ప్రెసిడెంటు చేతిలో పెట్టింది.

"చదువన్నయ్యా. అబద్ధం ఏడుందో గీత పెట్టు. అంతవరకు నేనే తీసేస్తా."

ఆయన కళ్లజోడు తగిలించుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. విస్తళ్లు వేశారు, వడ్డించారు, మొదటి బంతి తిని లేచింది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు. పెన్ను మూత తీయలేదు.