వకీలత్త నమ్మని సీటు

కొత్తగూడలో మా పై వాటాలో కిరాయికుండే వకీలత్త పోయిన వారం దవాఖానలో చనిపోయింది. బంధువు కాదు, గల్లీలో అందరికీ అత్తే. సంతాప సభలో న్యాయవాదులు ఆమెను న్యాయకోవిదురాలన్నారు. బతికుండగా వీళ్లలో ఎంతమంది ఆమెకు ఒక్క కేసైనా పంపారో, నాకు అనుమానమే.

అత్త కూడా ఎవరినీ నమ్మేది కాదు. కొరియర్ కాగితమైనా పూర్తిగా చదివే సంతకం పెట్టేది. పాల ప్యాకెట్ మీద తేదీ చూడనిదే దుకాణం మెట్టు దిగేది కాదు.

నేను హైటెక్ సిటీలో విదేశీ కంపెనీల ఒప్పందాలను కంప్యూటర్‌లో వేరుచేసి పెట్టే ఉద్యోగిని. డిగ్రీ దూరవిద్య. ఇంగ్లీషు ఆ ఒప్పందాలు చదివి నేర్చుకున్నదే. లా ఎంట్రెన్స్‌లో నా ర్యాంకు అడుగున పడింది. అయినా ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఫోన్ చేసి సీటిస్తామన్నారు. క్లాసులకు రాకపోయినా తామే చూసుకుంటామన్నారు. సంతోషంగా చెబితే అత్త మొహం మాడ్చుకుంది.

"నీకేమొస్తదో అడగనోడు నిన్నెందుకు పిలుస్తుండ్రా?"

మర్నాడు కోర్టు మానుకుని నాతో వచ్చింది. ఆఫీసులో ఇచ్చిన చాయ్ ముట్టకుండా నేరుగా తరగతి గదిలోకి నడిచింది. మిట్టమధ్యాహ్నం అక్కడ ఒక్క మనిషి లేడు. కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. ఇక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని గుమాస్తాను అడిగింది. అతను గర్వంగా గోడ మీది పోస్టర్ చూపించాడు. మొదటి ఫొటోలో నల్లకోటు వేసుకుని నవ్వుతున్నవాడు, మా కంపెనీ ఆఫీసులో నా పక్క కుర్చీవాడు. నేను చేసే పనే చేస్తాడు.

తిరుగు ఆటోలో నాకు కోపం ఆగలేదు. సగం కాలేజీ మీద, సగం ఆమె మీద. ఈమె కూడా మాలాంటివాళ్లను కోర్టు గడప ఎక్కనివ్వని మనిషేనేమో అనిపించింది. అడిగేశాను.

"నాసొంటోడు వకీలైతే నీకేం నష్టమత్తా?"

"నాకేం లేదురా. నిన్ను నమ్మి కేసిచ్చినోడు జైల్ల కూసుంటడు."

చదువయ్యాక తను కూడా సీనియర్ వకీలు దగ్గర ఏళ్లతరబడి ఫైళ్లే మోశానని చెప్పింది. "గాని ప్రతి ఫైలు సదివి మోసిన" అంది.

ఆ ఆదివారం నుంచే నాకు రాజ్యాంగం చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే పోయింది.

అంత్యక్రియల మర్నాడు కాలేజీవాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఆఖరి సీటట, ఈరోజే రావాలట. వద్దన్నాను, ఎంట్రెన్స్ మళ్లీ రాస్తానన్నాను.

"రాసి ఏం చేస్తవ్ బ్రదర్, ఆఖరికి కంప్యూటర్ ముందు అదే కుర్చీ గదా" అని నవ్వాడు.

ఫోన్ పెట్టేశాను.

నిన్న సాయంత్రం కరెంటు పోతే రాజ్యాంగం పుస్తకం పట్టుకుని డాబా ఎక్కాను. ఫ్లైఓవర్ పక్కన ఆ కాలేజీ హోర్డింగ్ మాత్రం జనరేటర్ మీద వెలుగుతోంది, అడ్మిషన్లు జరుగుతున్నాయని. ఆ వెలుతురు వచ్చి నా పేజీ మీద పడింది. అత్త ఉంటే దాన్ని కూడా నమ్మేది కాదు. కరెంటు వచ్చేదాకా అందులోనే చదివాను.