డబ్బా పొయ్యి మీద గుండిగ

నాన్నగారి రోజుల్లో కార్తీక వనభోజనాలకు ఊరంతటికీ వండిపెట్టిన మా వంటాయన, నిరుడు మా నలుగురికీ వండడానికి తోటకు వచ్చాడు. కొడుకు మస్కట్ నుంచి తెచ్చిన మడత పొయ్యిని చంకలో పెట్టుకొచ్చాడు. విప్పితే బిస్కట్ డబ్బా అంత ఉంది. అందులో ఎండు పుల్లలు తప్ప కొబ్బరి డొక్కంత లావుది ఏదీ పట్టదు. దానిమీదికి ఏభైమందికి వండే మా పాత ఇత్తడి గుండిగ ఎక్కించాడు.

"చిన్న గిన్నె పెట్టొచ్చుగా?" అన్నాను.

"మన వనభోజనాలకి చిన్న గిన్నె దిగితే పరువేం కానండీ?"

ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

"ఇంకొక్క పుల్లండి, ఎసరొచ్చేస్తదండి" అంటూ ఒక్కొక్క పుల్లే అందించేవాడు. మధ్యాహ్నం రెండయినా అదే మాట. నీళ్లు మాత్రం గోరువెచ్చన దాటలేదు.

పక్క తోటలో గ్యాసు పొయ్యిల మీద వంట ముగించినవాళ్లు మా అవస్థ చూశారు. "రండి బాబుగారూ, మా పంక్తిలో కూర్చోండి" అని పిలిచారు. ఒకప్పుడు మా పంక్తిలో తిన్నవాళ్లే. ఆకలికి కళ్లు తిరుగుతున్నా నేను కదల్లేదు.

వంటాయన లేచి, తువ్వాలు భుజాన సర్దుకుని, నా తరఫున జవాబు చెప్పాడు.

"మా బాబుగారు ఒకరి పంక్తిలో కూర్చోరండి. ఆ పులిహోర గిన్నె ఇటు పట్టుకొచ్చేయండి."