పక్కింటి లైను మీద పందొమ్మిది రోజులు

పెళ్లి వీడియోలు ఎడిట్ చెయ్యడం నా పని. నరసరావుపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని, మాచర్ల, చిలకలూరిపేట స్టూడియోల వాళ్లు ఇచ్చిన ఫుటేజీ కత్తిరించి, పాటలు పెట్టి, తయారైనది నెట్‌లో పంపుతాను. ఒక్కో పెళ్లి ఫైలు ఎక్కడానికి ఒక పూట పడుతుంది. సగంలో నెట్ పోతే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఏడాది మా వీధిలో మురుగుకాలవ తవ్వుతూ పొక్లెయిన్ నా కేబుల్ తెంపేసింది. పక్కింటి పిన్ని వాళ్లది వేరే లైను, అవతలి స్తంభం మీదుగా వస్తుంది కాబట్టి దానికేం కాలేదు. పిన్ని మాకు చుట్టం కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. ఆమె కొడుకు క్వారీ లారీ తోలుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇంట్లో పిన్ని, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన కోడలు. ఒక్కరోజు వాడుకుంటానని పిన్నిని వైఫై పాస్‌వర్డ్ అడిగాను. "రాసుకో నాయనా, దానికేంది" అంది.

మర్నాడే నా లైను బాగుచేశారు. కానీ ఆ ఒక్కరోజు పడ్డ అవస్థకి భయపడి కొత్త రౌటర్ కొన్నాను. దానికి రెండు లైన్లు చెప్పి పెట్టుకోవచ్చు. మొదటిది పోయిన అర నిమిషంలో దానంతటదే రెండో దానికి మారిపోతుంది, మనం లేవక్కర్లేదు. రెండో లైనుగా పిన్ని వాళ్ల వైఫై పెట్టాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. నా రౌటర్ ఎప్పుడన్నా ఓ పది నిమిషాలు వాడుకుంటుంది, అంతే కదా అనుకున్నాను. అడిగితే కాదనదని తెలుసు. అయినా అడగలేదు.

ఆ తర్వాత నెట్ గురించి ఆలోచించడమే మానేశాను. ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలీదు.

కొన్ని నెలలకి పిన్ని వాళ్ల నెట్ మొరాయించడం మొదలుపెట్టింది. కోడలు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. ఇంటి దగ్గర నుంచే చెయ్యొచ్చు, ఆ పిల్లకి ఎంతో ఆశగా ఉండేది. ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలన్నారు. క్లాసు మధ్యలో మాట తెగిపోయి, ఆమె బొమ్మ తెర మీద బిగుసుకుపోయిందట. పావుగంట చూసి, గురువారం ఇంకోసారి చెప్పమన్నారు.

ఇలాంటివి నాకు తెలుసని పిన్ని నన్నే అడిగింది. నేను కనీసం మేడెక్కి నా రౌటర్ వంక చూడలేదు. "మీ లైన్‌మ్యాన్ పట్టించుకోడు పిన్నీ, గట్టిగా అడుగు" అన్నాను.

ఆమె గట్టిగానే అడిగింది. బుధవారం పొద్దున లైన్‌మ్యాన్ వచ్చాడు. యాభై దాటినవాడు. వీధిలో అందరూ బాబాయ్ అంటారు. నిచ్చెనేసి స్తంభమెక్కి చూశాడు, లోపలికెళ్లి రౌటర్ చూశాడు. సిగ్నల్ బాగానే ఉంది, లోపమేమీ కనపడటం లేదన్నాడు. పిన్నికి కోపమొచ్చింది. లోపం లేకపోతే క్లాసెందుకు ఆగిందని, నెలనెలా ఊరికే ఇస్తున్నామా అని, చేతగాకపోతే మానెయ్యమని, వీధంతా వినేట్టు అంది. ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. నేను మా గేటు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన చేతిలో ఫోను చూసుకుంటూ, "మీరు గాక ఇంకెవరన్నా వాడుతున్నారా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఆ మాట విన్నాకే నా చెయ్యి జేబులోకి పోయింది. రౌటర్ యాప్ తెరిచాను. మొదటి లైను సిద్ధంగా ఉంది. వాడుకలో ఉన్నది రెండోది. పందొమ్మిది రోజులుగా. ఎప్పుడో నా లైను ఓ నిమిషం పోయింది, అది పిన్ని వాళ్ల దాని మీదికి దూకింది. మళ్లీ వెనక్కి రమ్మని చెప్పే సెట్టింగు నేను పెట్టనేలేదు. పందొమ్మిది రోజుల్లో నేను పంపిన పెళ్లిళ్లన్నీ వాళ్ల లైను మీదే వెళ్లాయి. ఆ నిమిషాన మేడ మీద మాచర్ల పెళ్లి ఒకటి ఎక్కుతూనే ఉంది.

బొటనవేలితో నొక్కి మొదటి లైనుకి మార్చాను. ఫోను జేబులో పెట్టేశాను.

కాసేపటికి లోపల్నుంచి కోడలు, బాగా వస్తోంది అత్తయ్యా అని చెప్పింది. పిన్ని లైన్‌మ్యాన్ వైపు తిరిగి, "చూశావా, నాలుగు మాటలంటే గానీ చెయ్యి కదల్లేదు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచి నేనన్న మాట, "పోనీలే పిన్నీ, బాగైందిగా." ఆయన తప్పు నేనేదో క్షమిస్తున్నట్టు. ఆయన నా వంక ఒక్కసారి చూసి, నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు.

గురువారం కోడలు క్లాసు బాగానే చెప్పింది. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. మొదటిసారి ఆగిపోవడం వల్లేనా అని నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

మూడు వారాల తర్వాత పల్నాడు రోడ్డులో టీ కొట్టు దగ్గర లైన్‌మ్యాన్ కనపడితే, కూడగట్టుకుని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టలేదు.

"తెలుసు. వాళ్ల వైఫై వాడేవాళ్ల లిస్టులో నీ పేరుతో రౌటర్ కనపడింది ఆ రోజే."

మరి చెప్పలేదేం బాబాయ్ అన్నాను.

"పక్కనే ఉన్నావుగా. నువ్వే చెప్తావనుకున్నా." టీ తాగేసి, నాకు చెప్పి ఏం లాభం, ఆమెకు చెప్పమన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లాను. పిన్ని గోంగూర వలుస్తోంది, కోడలు పక్కన కూర్చుని ఉంది. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. రౌటర్ దానంతటదే మారిపోయిందనీ, నాకు తెలియనే తెలియదనీ, అలా మెషిన్ మీదికి తోస్తూ చెప్పుకుపోతున్నాను. కోడలు అంతా విని, తలెత్తి నెమ్మదిగా అడిగింది.

"మా పాస్‌వర్డ్ దాంట్లో పెట్టిందెవరు బావగారూ?"

నేనే అన్నాను. బుధవారం పొద్దున తెలిసి కూడా నోరు మూసుకున్నానని అప్పుడు చెప్పాను.

పిన్ని ఆకు వలుస్తూ, "ఆయన్ని చానా మాటలన్నానే" అంది కోడలితో. మర్నాడు ఆయన్ని పిలిపించి, కాఫీ ఇచ్చి, మా వల్లే పొరపాటు జరిగింది, మనసులో పెట్టుకోవద్దు అని చెప్పింది. వీధిలోనే చెప్పింది, పదిమంది ముందు. మా వల్లే అంది గానీ నా పేరెత్తలేదు. మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని అంతా విన్నాను. దిగి వెళ్లలేదు.

కోడలు పాస్‌వర్డ్ మార్చేసింది. ఇప్పుడు సాయంత్రాలు వాళ్ల వరండాలో వీధి పిల్లలకి లెక్కలు చెబుతోంది. రౌటర్‌కి రెండో లైనుగా ఒక సిమ్ కార్డు కొనిపెట్టుకున్నాను. ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది. పిన్ని ఎప్పటిలాగే మాట్లాడుతుంది, కూర చేస్తే గిన్నెలో పంపుతుంది. లైన్‌మ్యాన్ మోటార్ సైకిల్ వీధి మలుపు తిరిగిందంటే మాత్రం నేను ఇప్పటికీ గేటు దగ్గర నిలబడలేను.