గులాబి మీద నలుపు

అది 2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. జనగామలో బస్సులు డిపో దాటడం లేదు, బడులకు తాళాలు, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ. స్టేషన్ రోడ్డులో ఉన్న నా సెలూన్‌ను మాత్రం సగం షటర్ దించి నడుపుకునేవాణ్ణి. సమ్మె ఉందని గడ్డం పెరగడం మానదు కదా.

మా నాయిన తరిగొప్పులలో ఇంటింటికీ తిరిగి క్షవరాలు చేసినవాడు. నేను హైదరాబాద్ వెళ్లి, ఒక పెద్ద సెలూన్‌లో మొదట నేల ఊడ్చి, తర్వాత తలలు కడిగి, చివరికి కలరింగ్ నేర్చుకుని తిరిగొచ్చాను. అప్పట్లో జనగామలో కలర్ అంటే తెల్ల వెంట్రుకలకు నలుపు పూయడమే. ఎరుపు, నీలం, గులాబి రంగులు కూడా వేస్తానని బోర్డు పెడితే ఊరు ఊరంతా నవ్వింది. "జాతరల కోడిపిల్లలకు ఏసినట్టు మనుషులకు గూడ ఏస్తవా?" అని ఒక పెద్దమనిషి షటర్ దగ్గర నిలబడి మరీ అడిగాడు. నాకు కోపం త్వరగా వస్తుంది. ఆయనకు అప్పుడు నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయలేను.

ఈ పని గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మన వెంట్రుక పైకి నల్లగా కనిపిస్తుంది గానీ లోపల ఎరుపు, దాని కింద నారింజ, అన్నిటికన్నా అడుగున పసుపు ఉంటాయి. బ్లీచ్ పెట్టి ఆ పసుపు దాకా తేవడాన్ని మేం లిఫ్ట్ అంటాం. అక్కడిదాకా వస్తేనే గులాబి నిలుస్తుంది, లేకపోతే ఇటుక రంగులోకి పోతుంది. షేడ్ కార్డును, అంటే కంపెనీవాళ్లు ఇచ్చే రంగుల అట్టను, నేను పెద్దగా నమ్మను. మనిషిని ఎండలోకి తీసుకెళ్లి, చెవి వెనక చర్మం చూసి, ఆ తర్వాతే గిన్నెలో రంగు కలుపుతాను. డబ్బాలోని గులాబిని ఉన్నదున్నట్టు వేస్తే మన చామనచాయ ముఖం వెలవెలబోతుంది. దానికి కొంచెం ఎరుపు తగిలిస్తే అదే ముఖం కళకళలాడుతుంది.

కుమార్‌కు వేసిన గులాబి అలా కలిపిందే. అతను భూపాలపల్లి కుర్రాడు. తండ్రి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. కుమార్ జనగామలో రూమ్ తీసుకుని డిగ్రీ చదువుతూ, చదువుకన్నా ఎక్కువగా ఊరేగింపుల్లో తిరిగేవాడు. సమ్మె మొదలవడానికి కొంచెం ముందు వచ్చి తల మొత్తం ఉద్యమ జెండాలా గులాబి చేయమన్నాడు. ఎందుకురా అంటే, "జెండా చేతుల ఉంటే గుంజుకుంటరన్నా. తలకాయను గుంజుకోరు గద" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. ఒక పూటంతా అతని తల మీదే పనిచేశాను. బయటికి పంపినప్పుడు అవతలి పక్క కొట్లవాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. నా చేతి నుంచి వచ్చిన పనుల్లో అది మేలైనదని ఇప్పటికీ అంటాను.

సమ్మెలో భాగంగా మహబూబాబాద్‌లో రైల్ రోకో జరిగింది. కుమార్ మిత్రులతో కలిసి వెళ్లి రైలింజన్ ఎక్కి నిలబడ్డాడు. మర్నాడు ఆ ఫోటో పేపర్లో వచ్చింది. చుట్టూ వందల నల్లటి తలలు, మధ్యలో ఒక గులాబి తల. నా పని పేపర్లో పడిందని ఆ పేజీని అద్దం పక్కన అతికించాను. పోలీసులు కేసు పెట్టారని, ఎవరి పేరూ తెలియకపోయినా గులాబి జుట్టు కుర్రాడి కోసం వెతుకుతున్నారని తర్వాత తెలిసి ఆ పేజీ పీకేశాను.

నాలుగైదు రోజులు అతని జాడ లేదు. ఒక ఉదయం మంకీ క్యాప్ పెట్టుకుని షటర్ కింద నుంచి దూరి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. భూపాలపల్లిలో తండ్రికి ఊపిరి అందడం లేదట, దవాఖానలో చేర్చారట, చూసుకునేవాళ్లుంటే వచ్చి చూసుకోండని డాక్టర్లు చెప్పేశారట. దారి పొడవునా చెకింగ్‌లు ఉన్నాయి. ఆ తలతో వెళితే పరకాల కూడా దాటడు. క్యాప్ పెట్టుకుంటే ముందు దాన్నే తీయమంటారు.

గుండు చేసేస్తాను, సుఖంగా వెళ్లు అన్నాను. అతను ఫోన్ కలిపి తల్లికి విషయం చెప్పి నా చేతికిచ్చాడు. నేను ఆమెకు ఉపాయం కూడా చెప్పాను. కురవి వీరన్నకు తలనీలాలు ఇచ్చి వస్తున్నాడని చెప్పుకోవచ్చు, గుండు చూసి ఎవరూ అనుమానపడరు.

"వద్దు బిడ్డ," అంది ఆమె. "మనిషి మంచిగైనంక మొక్కు తీరుస్తరు. బాపు ఇంక మంచంల ఉండంగనే కొడుకు గుండుతోని వస్తే ఏందన్నట్టు? దినాలు ముందుగాలనే చేసినట్టు కాదా?"

చనిపోయినవాళ్ల కొడుకుల తలలు గొరగడం మా ఇంటి పనే. దినాల నాడు నాయిన వెంట వెళ్లి నీళ్లు పోసినవాణ్ణి నేను. తండ్రి బతికి ఉండగా అలాంటి కష్టంలో కొడుకు తలకు కత్తి తాకిస్తే ఆ ఇంట్లో ఆడవాళ్లు ఎలా వణికిపోతారో నాకు తెలుసు. కాబట్టి గులాబిని నలుపు చేయాలి, అది ఎవరికీ రంగని అనిపించకూడదు.

వినడానికి తేలికే. బ్లీచ్ అయిన తలకు నేరుగా నల్ల రంగు పూస్తే అది బొగ్గులా చచ్చిపడి ఉంటుంది, ఎండలో ఆకుపచ్చ కొడుతుంది. పోలీసు దాకా ఎందుకు, చిన్న పిల్లలు కూడా కనిపెడతారు. లోపల పోయిన ఎరుపును ముందు తిరిగి నింపాలి. దాన్ని ఫిల్లర్ అంటాం. సమ్మె వల్ల సరుకు రావడం లేదు, నా దగ్గర ఫిల్లర్ లేదు. గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి తట్టింది. నేను వేసిన గులాబిలోనే ఎరుపు ఉంది. దాన్ని కడిగేయకుండా అలాగే ఉంచి, దాని మీద కొద్దిగా రాగి రంగు, ఆపైన ముదురు గోధుమ రంగు వేస్తే చాలు. అసలు మన జుట్టు నలుపు కూడా ఉత్త నలుపు కాదు, ముదురు గోధుమే.

కుమార్ అద్దంలో గులాబి మాయమవడమే చూస్తూ కూర్చున్నాడు. కుదుళ్లలో కొత్తగా మొలిచిన అసలు జుట్టుతో కొసలు కలిసేదాకా రెండు సార్లు పూశాను. చెవుల చుట్టూ, నుదుటి మీద అంటిన మరకలను సిగరెట్ బూడిద తడిపి రుద్ది తీశాను. అది మా నాయిన చిట్కా. మందు వాసన పోయేలా తల కడిగి, కొబ్బరినూనె దట్టంగా రాసి, పక్కపాపిడి తీశాను. చూస్తే పరీక్షకు పోతున్న బుద్ధిమంతుడిలా ఉన్నాడు.

బస్సులు లేవు గనుక నా బండి మీదే బయలుదేరాం. హన్మకొండ దాటాక, మళ్లీ పరకాల దగ్గర ఆపారు. రెండో చోట ఒక కానిస్టేబుల్ కుమార్ నుదుటి మీద వేలు పెట్టి రాసి చూసుకున్నాడు. వేలికి నూనె తప్ప ఏమీ అంటలేదు. ఎక్కడికని అడిగితే, మా బాపును చూడడానికని నిజమే చెప్పాడు. పొమ్మన్నారు. నేను గెలిచానని లోలోపల పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు.

దవాఖానలో తండ్రి మంచం కిటికీ పక్కన ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఎగిరిపడుతున్న పక్కటెముకలు. తల్లి లేచి కొడుకును మంచం దగ్గరికి తోసింది. ముసలాయన కళ్లు తెరిచి కొడుకు ముఖం వైపు కాదు, తల వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పక్క మంచం మనిషి నాతో మెల్లగా చెప్పాడు. పేపర్లో ఫోటో వచ్చినప్పటి నుంచి ఆయన వార్డులో కనిపించిన ప్రతివాడికీ, గులాబి తల పిలగాడు నా కొడుకే, రేపో మాపో వస్తడు చూడుండ్రి అని చెబుతున్నాడట. అరవై తొమ్మిది ఉద్యమంలో ఆయన తల పగిలి కుట్లు పడ్డాయట. ఆ సంగతి కుమార్‌కు తెలుసు. తండ్రి ఇలా ఎదురుచూస్తున్నాడని మాత్రం తల్లి భయపడి చెప్పలేదు, చెబితే కొడుకు ఆ తలతోనే బయలుదేరి దారిలో దొరికిపోతాడని.

ముసలాయన చెయ్యి లేపి కొడుకు తల మీద పెట్టాడు. వేళ్లతో వెంట్రుకలు తడిమాడు.

"ఏది రా," అన్నాడు. "తీపిచ్చుకున్నవా?"

కుమార్ తల వంచుకున్నాడు.

"భయపడ్డవా బిడ్డ?"

కుమార్ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ముసలాయన చెయ్యి తీసేసుకుని కిటికీ వైపు తిరిగాడు. నేను ఆగలేకపోయాను. పరాయివాణ్ణి అని కూడా చూసుకోకుండా మంచం మీదికి వంగి, "బాపూ, నిన్ను చూడనీకే గిట్ల వచ్చిండు. గులాబి పోలే, నేనే దాని మీద నలుపు ఏసిన. కిందనే ఉంది" అని చెవి దగ్గర చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. గొట్టంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. విన్నాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

వరండాలోకి వచ్చాక కుమార్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, మళ్ల గులాబి చెయ్యి. ఇప్పుడే చెయ్యి. పట్టుకపోతే పట్టుకపోనియ్యి."

కాదని చెప్పాల్సి వచ్చింది. మా పనిలో మొదటి పాఠమే అది. రంగు మీద రంగు వేస్తే ముదురుతుంది తప్ప తేలదు. ఆ నలుపును తీయాలంటే మళ్లీ బ్లీచ్ పెట్టాలి. ఒకసారి బ్లీచ్ తిన్న జుట్టు రెండోసారి తట్టుకోదు, వేళ్ల మధ్య నానిన దారంలా తెగిపోతుంది. ఆ వేళకు నా దగ్గర బ్లీచూ లేదు. ఎంత బాగా చేశానని దారిలో పొంగిపోయానో అంత బాగా చేసిన పనే అది, ఇక నేను కూడా దాన్ని విప్పలేను. వరండా గచ్చు మీద కూలబడి ఏడుస్తున్న అతని పక్కన ఊరికే కూర్చున్నాను.

ముసలాయన ఆ సాయంత్రం దాటలేదు. మళ్లీ కొడుకుతో మాట్లాడలేదు.

దినాల నాడు నన్ను రమ్మని కబురు పంపారు. ఆ ఊళ్లో ఆ పని హక్కు అక్కడి మా కులపాయనది. ఆయన్ను అడిగితే కత్తి నా చేతికే ఇచ్చి పక్కకు జరిగాడు. నీళ్లు పోసి తల తడిపి గొరిగాను. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా నల్లగానే రాలాయి. నేను అంత గట్టిగా కప్పాను, ఎక్కడా గులాబి జాడ లేదు. కుమార్ వాటినే చూస్తూ, "నేను భయపడి తియ్యలేదన్నా. ఆ ఒక్క మాట చెప్పనీకి నోరు రాలే" అన్నాడు. మిగిలిన తల గొరిగి, మళ్లీ నీళ్లు పోశాను.

అప్పటిదాకా తల అంటే కుర్చీలో కూర్చున్న మనిషిదని అనుకునేవాణ్ణి. అతని చర్మం చూస్తాను, ముఖం చూస్తాను, అతనికి నప్పిందా లేదా అంతే. కానీ మన తలను మనకన్నా ఎక్కువగా చూసేది ఇంట్లోవాళ్లు. ఇప్పుడు రంగు మార్చమని ఎవరొచ్చినా, వేయడానికైనా తీయడానికైనా, ఇంట్లో అందరికీ చెప్పావా, ఎవరేమన్నారు అని అడుగుతాను. కొంతమంది నవ్వుతారు. కొంతమంది విసుక్కుని వేరే సెలూన్‌కు వెళతారు. అడగడం మాత్రం మానలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు నా సెలూన్ కిక్కిరిసిపోయింది. తలకు గులాబి కావాలని కుర్రాళ్లు బయట మెట్ల మీద కూడా కూర్చున్నారు. పని మధ్యలో ఆపి కుమార్‌కు ఫోన్ చేశాను. వచ్చెయ్, అప్పటి గులాబే కలిపి పెడతాను, అందరికన్నా ముందు నీకే వేస్తాను అన్నాను.

"ఏసుకుని ఎవలకు చూపియ్యాలె అన్నా?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, కుర్చీలో ఉన్న కుర్రాణ్ణి చెవి వెనక చర్మం చూడడానికి ఎండలోకి రమ్మన్నాను.