ఎవ్వరూ పలకని బెంచీ

బొగ్గుగనుల ఊరి నుంచి పెద్ద జట్టులోకి పోవడమంటే మాటలా? వెస్ట్ వర్జీనియా కుర్రాడు ఆర్లన్ ప్రూయిట్ పోయాడు. ఏళ్ల తరబడి చిన్న జట్ల బస్సుల్లో నడుం విరగ్గొట్టుకుని బేస్‌బాల్ బంతులు విసరగా విసరగా, ఒక ఆగస్టులో పిలుపొచ్చింది. అక్కడ బంతి విసిరే పెద్ద పిచ్చర్‌కి భుజం పట్టేసిందట. "నిలదొక్కుకున్నానంటే నిన్నూ తీసుకుపోతా. ఇక గని మొహం చూడక్కర్లేదు" అని భార్య లొరీన్‌కి మాటిచ్చి రైలెక్కాడు.

మర్నాడే ఆటలోకి దింపారు. టోపీ సర్దుకుని విసరడం మొదలెట్టాడు. ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు వరసగా వచ్చి, బంతిని తాకలేక బ్యాట్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయారు.

ఆర్లన్ బెంచీ దగ్గరికొస్తే ఒక్కడూ పలకలేదు. ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు, ఇంకొకడు ఆకాశం చూస్తున్నాడు. ఆర్లన్‌కి లోపల చక్కిలిగింతలు పుట్టాయి. కొత్తవాడు మొదటిసారి మొనగాడనిపించుకుంటే జట్టంతా ఎరగనట్టు మొహాలు తిప్పుకోవడం, వాడు బిక్కమొహం వేశాక మీదపడి వీపు వాయించడం ఈ ఆటలో పాత పరాచికం. తను మాత్రం ఎంతమందిని ఏడిపించలేదు! కానివ్వండిలే అనుకుని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బతుకులో అంత హాయిగా ఎన్నడూ కూర్చోలేదు పిచ్చివాడు.

ఆట ముగిసింది. ఎవడూ మీదపడలేదు. బట్టలు మార్చుకునే గదిలో అతని సంచీ సర్దేసి గుమ్మం దగ్గర పెట్టారు. అది చూసి పగలబడి నవ్వాడు.

"చాల్లే, ఆపండ్రా బాబూ! మరీ సాగదీస్తున్నారు!"

అతని బంతులు పట్టిన ముసలి క్యాచర్ గస్ మలోనీ తలెత్తలేదు. "పరాచికం కాదురా అబ్బాయ్. నువ్వు విసురుతుండగానే ఫోనొచ్చింది. ఆ పెద్ద పిచ్చర్ భుజం బాగైందట. నిన్ను పంపించెయ్యమన్నారు."

"మరి నేను బాగానే విసిరాను కదన్నా?"

గస్ తన సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆర్లన్‌కి తలా తోకా అర్థం కాలేదు. ఓడినవాణ్ణి పంపిస్తారు, సరే. తను ఓడిందెక్కడ? చిన్న జట్టుకి తిరిగి వెళ్తే అక్కడ అతని చోటు అప్పటికే ఇంకొకడికిచ్చేశారు. దారి పొడుగునా ఆలోచించినా తప్పెక్కడ జరిగిందో తేలలేదు. చివరికి గనిలోనే దిగాడు.

మొదటిరోజు పని నుంచి వచ్చి మసి కడుక్కుంటుంటే లొరీన్ ఉండబట్టలేక అడిగింది. "పోనీ, బాగా ఆడావని ఒక్కడైనా అన్నాడా నీతో?"

"ఎవ్వడూ అన్లేదు లొరీన్. అందుకేగా బాగా ఆడాననుకున్నా!"