అమ్మ స్కూల్ బస్సు నడిపిన మొదటి ఏడాది

మా చిన్నప్పుడు... కెనడాలోని ఒషావాలో ట్రక్కుల ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది, మా వీధిలో నాన్నలు పగటిపూట కనిపించడం మొదలైంది. షిఫ్టులకు పోయి వచ్చేవాళ్ళే తప్ప, మంగళవారం పొద్దెక్కాక వాకిట్లో నిలబడి కాఫీ తాగే నాన్నలను మేమెప్పుడూ చూడలేదు.

మా నాన్న ఆ ఫ్యాక్టరీకి సీట్లు చేసి పంపే చిన్న కంపెనీలో సూపర్‌వైజర్. ట్రక్కులే లేకపోతే సీట్లెవరికి? అదీ మూతపడింది. నాన్న రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగాలకు అప్లై చేసేవారు. మధ్యాహ్నానికి చొక్కా విప్పేసేవారు...

దూరాన పడమటి వైపున్న అల్బర్టా రాష్ట్రంలో పనులున్నాయని ఒక్కొక్క కుటుంబమే వెళ్ళిపోయింది. నా క్లాసులో కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది.

పక్కింటి లిండా ఆంటీ స్కూల్ బస్సు నడిపేది. డ్రైవర్లు కావాలట, నువ్వూ రారాదా అని అమ్మను అడిగింది. మా అమ్మది తెనాలి. మంచు పడితే కారు కూడా బయటికి తీసేది కాదు.

"బస్సా? నువ్వా?" అన్నారు నాన్న.

"ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారటండీ. ఫెయిలైతే ఇంట్లో ఉంటాను. ఇప్పుడున్నదీ ఇంట్లోనేగా," అంది అమ్మ, చారుకి పోపు పెడుతూ.

మొదటి టెస్టు ఫెయిలైంది. ఆ ఆదివారం నాన్న ఖాళీ పడ్డ ఫ్యాక్టరీ పార్కింగ్‌లో అట్టపెట్టెలు నిలబెట్టి, మా పాత వ్యాన్‌తో అమ్మకు రివర్స్ నేర్పించారు. పెట్టెలన్నీ నలిగిపోయాయి... రెండోసారి పాసయింది. మా స్కూలు రూటే ఇచ్చారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, ఉన్నట్టుండి మంచు దట్టంగా కురిసింది. ఏటవాలు రోడ్డు మీద బస్సు జారి, అడ్డంగా తిరిగి ఆగింది. పిల్లలు ఒకటే అరుపులు. అమ్మ బ్రేకు వేసి, లైట్లు వెలిగించి, రేడియోలో ఆఫీసుకు చెప్పింది. వెనక్కి తిరిగి, "నోబడీ స్టాండింగ్! ఎవ్రీబడీ సిట్టింగ్!" అంది. అందరూ కూర్చున్నారు.

నేను ముందుకు వెళ్ళి, "మామ్, ఆర్ యూ ఓకే?" అన్నాను.

"బస్సులో మామ్ లేదు. పోయి కూర్చో."

మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే బండి వచ్చేదాకా ఆగి, మెల్లగా నడిపి, ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటి ముందు దింపింది. బస్సు డిపోలో పెట్టాక చూశాను... అమ్మ స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. వ్యాన్‌తో వచ్చిన నాన్న, ఆ చేతులు పట్టుకుని దింపారు.

"రేపు మానెయ్. ఏదో ఒకటి చేద్దాం," అన్నారు.

"రేపు పొద్దున పిల్లలు చలిలో నిలబడి చూస్తుంటారండీ," అంది అమ్మ.

మర్నాడు వెళ్ళింది. మేం అల్బర్టా వెళ్ళలేదు. తర్వాతి ఏడాది నాన్నకు రెండు గంటల దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో పని దొరికింది, శని ఆదివారాలకు ఇంటికొచ్చేవారు. అమ్మ మాత్రం రిటైరయ్యేదాకా ఆ రూటు వదల్లేదు.

నేనిప్పుడు దూరంగా రెజైనాలో ఉంటున్నాను. మొన్న ఒషావా వెళితే, మా వీధి నిండా అద్దెకుంటున్న యూనివర్సిటీ పిల్లలే... వరంగల్, నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ ఒకప్పుడు ఫ్యాక్టరీ షిఫ్టులను బట్టే వీధి నిద్రలేచేదంటే, "అవునా ఆంటీ?" అని మర్యాదగా విన్నారు.

మీ ఊళ్ళోనూ పనులు పోయిన ఏడాది ఒకటి ఉండే ఉంటుంది... అప్పుడు మీ ఇంటిని నడిపిందెవరు?